మ వత్తు

పోయిన ఆగస్టులో మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. ఇంట్లో ఇద్దరం మిగిలాం. ఒక శనివారం ఏమీ తోచక బేస్‌మెంటు సర్దుదామని కిందకి దిగాను. "తర్వాత చూద్దాంలే" అంటూ ఇరవయ్యేళ్ళుగా కిందకి దింపిన సామానంతా అక్కడే ఉంది. పనిచెయ్యని ప్రింటర్లు రెండు, దేనివో తెలియని చార్జర్లు ఒక అట్టపెట్టెడు, 2003లో మా ఆవిడతో పాటు విజయవాడ నుంచి వచ్చిన సూట్‌కేసు. ఆ సూట్‌కేసు జేబులో ఒక సీడీ దొరికింది. దాని మీద నల్ల మార్కరుతో, మా ఆవిడ గుండ్రటి చేతిరాతలో, "పేర్లు" అని రాసి ఉంది.

ఎవరి పేర్లో అర్థం కాలేదు. మా పెళ్ళిలో చదివింపుల జాబితా ఏమో అనుకున్నాను. ఇప్పటి లాప్‌టాపుల్లో సీడీ పెట్టే చోటే లేదు కదా, యూఎస్‌బీ డ్రైవు ఒకటి వెతికి పట్టుకుని పెట్టి చూశాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా నిక్షేపంలా తెరుచుకుంది. మొత్తం 212 ఫైళ్ళు. అన్నీ జిఫ్ బొమ్మలే. ఒక్కో బొమ్మలో ఒక్కో పేరు. ఒకటి బంగారు రంగులో జిగేల్మంటోంది, ఒకటి నెమలిపింఛం రంగులో తళతళలాడుతోంది, ఒకదాని మీద సీతాకోకచిలుక రెక్కలు ఆడిస్తూ కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ నేమ్ ట్యాగులు!

వరసపెట్టి చూశాను. మా అమ్మ పేరు, నాన్న పేరు, మా అత్తగారి పేరు, బావమరిది పిల్లల పేర్లు. అప్పట్లో మా కింద ఫ్లాటులో ఉన్న సోమాలీ ఆవిడ పిల్లలు ముగ్గురివి. మలేసియాలో ఉన్న చిన్ననాటి స్నేహితురాలిది. పెళ్ళికి ముందు ఆవిడ జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేది, ఆ పిల్లల పేర్లు ముప్ఫైకి పైన. నా పేరైతే నాలుగు రకాలు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. 212 అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చూశాను, ఎక్కడన్నా దాటేశానేమో అని. దాటెయ్యలేదు. ఆవిడ పేరు మాత్రం లేదు.

ఈ ట్యాగు అంటే ఏమిటో ఇప్పటి కుర్రకారుకి తెలియకపోవచ్చు. ఈమెయిల్ చివర సంతకం పెట్టే చోట మెరిసే పేరొకటి అతికించుకునేవాళ్ళు. మామూలు పేరు కాదు, అక్షరాల నిండా తళుకులు, పక్కన ఒక బొమ్మ, చుట్టూ ఒక ఫ్రేము. 2000ల మొదట్లో ఈ సరదా చాలా దేశాల్లో ఉండేది. చేసేవాళ్ళలో ఎక్కువమంది ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు. మన ఊళ్ళల్లో పెళ్ళివేదిక వెనకాల థర్మోకోల్ అక్షరాలకి జిగురు రాసి చమ్కీలు చల్లుతారు చూడండి, అదే పని కంప్యూటర్లో.

చమ్కీల మాట వచ్చింది గనక మా పెళ్ళి సంగతి చెప్పి ముందుకెళ్తాను. 2003 శ్రావణంలో, విజయవాడలో ఒక కల్యాణమండపంలో మా పెళ్ళి. వేదిక వెనక ఆకుపచ్చ గుడ్డ మీద థర్మోకోల్ అక్షరాలతో ఇద్దరి పేర్లూ పెట్టారు. మా ఆవిడ పేరు చివర లక్ష్మి ఉంటుంది. (పూర్తి పేరు ఇక్కడ రాయొద్దని హుకుం, అందుకని రాయట్లేదు.) అక్షరాలు కోసిన అబ్బాయి మ వత్తు మర్చిపోయాడు. "లక్షి" అని పెట్టాడు. నేను చూడనే లేదు. పెళ్ళికొడుకుకి ఏం కనిపిస్తుంది? మా ఆవిడ తలవంచుకుని కూర్చుని కూడా చూసిందట. మా పెళ్ళి ఫోటోలన్నిట్లో, ఇప్పటికీ, వెనకాల లక్షి అనే ఉంటుంది.

ఆ నవంబరులో మా ఆవిడ మినెసోటా వచ్చింది. బ్లూమింగ్టన్‌లో రెండో అంతస్తు అపార్ట్‌మెంటు. మంచు అప్పటికే మొదలైంది. కన్సల్టింగ్ ఉద్యోగం అంటే తెలుసుగా, సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కితే మళ్ళీ గురువారం రాత్రికి ఇల్లు. ఆవిడది హెచ్-4 వీసా. అప్పట్లో హెచ్-4 మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఉద్యోగం లేదు గనక సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. బ్యాంకు ఖాతా నా పేరు మీద. కరెంటు బిల్లు నా పేరు మీద. అద్దె ఒప్పందం నా పేరు మీద. వీసా భాషలో ఆవిడ డిపెండెంటు, ఫోను ఎత్తితే అవతలివాళ్ళకి మిసెస్ ఫలానా, ఆ ఫలానా నేను. ఈ దేశంలో ఆవిడ పేరు మీద దొరికిన మొదటి కార్డు లైబ్రరీ కార్డు. ఇదంతా ఇప్పుడు లెక్కపెడుతున్నాను. అప్పుడు నాకు తట్టలేదు.

ఆ లైబ్రరీ నుంచే ఒక పుస్తకం తెచ్చుకుంది, పెయింట్ షాప్ ప్రో నేర్చుకోవడం ఎలా అని. ఆ సాఫ్ట్‌వేరు చేసే జాస్క్ అనే కంపెనీ మాకు పక్క ఊళ్ళోనే, ఈడెన్ ప్రెయిరీలోనే ఉండేది. (2004లో దాన్ని కోరెల్ వాళ్ళు కొనేశారు.) ట్రయల్ వెర్షన్ దింపుకుని మొదలుపెట్టింది. ట్రయల్ అయిపోయాక కొనుక్కుంటానంది. వంద డాలర్ల దగ్గర ఉండేది. "ఈ మెరుపులకి వంద డాలర్లా?" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నెల రోజుల పాటు ఆదివారం పేపర్లో కూపన్లు కత్తిరించింది. నెలాఖరున సరుకుల రసీదులన్నీ ముందు పెట్టి, ఇదిగో వంద డాలర్లు మిగిల్చాను, చూసుకోండి అంది. ఎం.కాం. కదా, లెక్కలో తప్పు దొరకలేదు. కొన్నాం.

మొదటి ట్యాగు నా పేరుతోనే చేసి నాకు మెయిల్ పంపింది. నేను క్లయింటు ఆఫీసులో ఉన్నాను, తెరమీద నా పేరు గులాబీరంగులో మిణుకుమిణుకుమంటోంది, వెనకాల మేనేజరు నడిచి వెళ్తున్నాడు. ఆ రాత్రి ఫోన్లో "ఆఫీసు మెయిల్‌కి ఇలాంటివి పంపకు, బాగోదు" అన్నాను. మళ్ళీ పంపలేదు. మిగతా మూడూ ఈ సీడీలోనే చూడటం.

సరే, సీడీ చూసిన రోజు రాత్రి ఒక నిర్ణయానికొచ్చాను. మా ఆవిడ పుట్టినరోజుకి ఇంకా పదిరోజులుంది. ఈలోగా ఆవిడ పేరుతో ఒక ట్యాగు నేనే చేస్తాను, అదీ తెలుగులో. పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేరులో ఉన్నాను, పెద్దపెద్ద డేటాబేసులకి వైద్యం చేశాను, ఒక జిఫ్ బొమ్మ చెయ్యలేనా?

చెయ్యలేకపోయాను. ఆ కథే ఇది.

ముందు ఆవిడ ఎలా చేసేదో గుర్తు చేసుకున్నాను. పక్కన కూర్చుని నేర్చుకోలేదు గానీ భుజం మీదుగా చాలాసార్లు చూశాను. పెయింట్ షాప్ ప్రోలో పేరు రాసి, ఒక రంగు నింపి, ఆ అక్షరాల వరకే ఎంచుకుని "నాయిస్" కలిపేది. నాయిస్ అంటే చప్పుడు కాదు, చుక్కల గోల. అక్షరం నిండా అడ్డదిడ్డంగా ముదురు చుక్కలు, లేత చుక్కలు పడతాయి. ఆ బొమ్మని కాపీ చేసి, పెయింట్ షాప్ ప్రోతో పాటే వచ్చే యానిమేషన్ షాప్‌లో అతికించేది. వెనక్కొచ్చి, నాయిస్ తీసేసి, ఈసారి కొంచెం ఎక్కువ మోతాదులో మళ్ళీ కలిపేది. అది రెండో ఫ్రేము. ఇంకోసారి, మూడో ఫ్రేము. మూడూ వరసగా తిప్పితే చుక్కలు చోటు మారుతుంటాయి, మన కంటికి తళుకులా కనిపిస్తుంది. అంతే, కిటుకంతా అదే.

నా దగ్గర ఇప్పుడు పెయింట్ షాప్ ప్రో లేదు. ఉచితంగా వచ్చే గింప్ దింపుకున్నాను. ఇందులో ఒక సుఖం ఉంది, తెలుగు యూనికోడ్‌లో టైపు చేస్తే వత్తులూ గుణింతాలూ వాటి చోట అవి కూర్చుంటాయి. ఫాంట్లకీ ఇప్పుడు కరువు లేదు. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసినవే బోలెడున్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర... అష్టదిగ్గజాలు భువనవిజయంలో కాకుండా నా ఫాంట్ల జాబితాలో కొలువుతీరారు! రామభద్ర బాగా లావు అక్షరాలు, చమ్కీలు పట్టడానికి చోటుంటుందని దాన్ని ఎంచుకున్నాను.

గింప్‌లో ఒక్కో లేయరూ ఒక్కో ఫ్రేము. మూడెందుకు, పన్నెండు పెడదాం అనుకున్నాను. బంగారు రంగు వేసి, పన్నెండు లేయర్లకీ వేరువేరుగా నాయిస్ కలిపాను. పక్కన ఒక నక్షత్రం పెట్టి, అది పేరు మీదుగా ఎడమ నుంచి కుడికి వెళ్ళేటట్టు ఒక్కో లేయరులో కాస్త కాస్త జరిపాను. జిఫ్‌గా ఎగుమతి చేసి, బ్రౌజరులో తెరిచాను.

నక్షత్రం వెళ్ళింది. వెళ్ళినచోటల్లా దాని పాత నక్షత్రం కూడా మిగిలిపోయింది. చివరికి పన్నెండు నక్షత్రాలు పేరు మీద అడ్డంగా పడున్నాయి, దీపావళి మర్నాడు వాకిలిలాగా. దీనికి కారణం కనుక్కోవడానికి రెండు గంటలు పట్టింది. జిఫ్‌లో కొత్త ఫ్రేము వచ్చేటప్పుడు పాతదాన్ని చెరిపెయ్యాలా, దాని మీదే పెట్టాలా అనేది మనమే చెప్పాలి. చెప్పకపోతే మీద పెట్టుకుంటూ పోతుంది. ఎగుమతి చేసేటప్పుడు "రీప్లేస్" అని ఎంచుకుంటే సరిపోయింది.

తర్వాత ఫైలు సైజు చూశాను. 1.4 ఎంబీ! సీడీలో మా ఆవిడ చేసినవి చూస్తే ఒక్కటి కూడా 50 కేబీ దాటలేదు. 212 ఫైళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కూడా.

ఇక్కడ నా వృత్తిగర్వం దెబ్బతింది. ఎలా చేసిందో చూద్దామని ఆవిడ ఫైళ్ళని ఒక్కోటీ విప్పి చూశాను. జిఫ్ సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు, తెలియనివాళ్ళకి చెప్తాను. 1987లో కంప్యూసర్వ్ అనే కంపెనీలో స్టీవ్ విల్‌హైట్ బృందం తయారుచేసిన పద్ధతి అది. ఫోను లైను మీద నత్తనడకన బొమ్మలు పంపుకునే రోజులు. అందుకని ఒక ఫ్రేములో 256 రంగులకి మించి పట్టవు, బొమ్మలో ఒకే నమూనా మళ్ళీమళ్ళీ వస్తే దాన్ని కుదించి దాచుకుంటుంది. నాయిస్ అంటేనే నమూనా లేకపోవడం కదా, అది కుదించబడదు. తళుకుల ట్యాగు అందుకే బరువెక్కుతుంది.

మా ఆవిడ ఏం చేసిందంటే, నాయిస్‌ని పేరంతటి మీదా చల్లలేదు. చిన్న చదరం ముక్క ఒకటి చేసుకుని, దానికి నాయిస్ కలిపి, ఆ ముక్కనే ముగ్గు అచ్చులాగా అక్షరాల నిండా పరుచుకుంటూ పోయింది. అప్పుడు అదే నమూనా మళ్ళీమళ్ళీ వస్తుంది, కుదుస్తుంది. రంగులు 256 కాదు, 16కి తగ్గించింది. ఫ్రేములు మూడే. నేను క్లయింట్లకి గంటకింత అని బిల్లు వేసి చేసే పర్‌ఫార్మెన్స్ ట్యూనింగ్ అంటే ఇదే. నా భార్య ఇంట్లో కూర్చుని, ఎవరూ చెప్పకుండా, 212 సార్లు చేసింది. నేను దాన్ని మెరుపులు అన్నాను.

50 కేబీ దాటకుండా ఎందుకు చూసుకుందో కూడా నాకు తెలుసు. ఇండియాలో మావాళ్ళు నెట్ సెంటరుకి వెళ్ళి, గంటకింత అని కట్టి, డయలప్ మీద మెయిల్ చూసుకునేవాళ్ళు. ఒక బొమ్మ తెరుచుకోవడానికి అర నిమిషం పడితే ఆ అర నిమిషం వాళ్ళ డబ్బు.

ఆవిడ దారిలోనే మళ్ళీ మొదలుపెట్టాను. చిన్న ముక్క, 16 రంగులు, మూడు ఫ్రేములు, చిన్న సైజు. 30 కేబీకి వచ్చింది. నాలో నేనే భుజం తట్టుకుని, తెరిచి చూస్తే మ వత్తు లేదు.

ఉంది, కానీ కనపడట్లేదు. సైజు తగ్గించేసరికి వత్తు నాలుగైదు చుక్కల మందానికి వచ్చింది. ఆ నాలుగైదు చుక్కల్లోనూ తళుకు గంతులేస్తుంటే వత్తు ఆకారం దాన్లో కలిసిపోయింది. ల బాగుంది, క్ష బాగుంది, పైన గుడి బాగుంది. మళ్ళీ "లక్షి"!

అర్ధరాత్రి పన్నెండున్నరకి ఆ తెర ముందు కూర్చున్నప్పుడు, ఇంకో సంగతి జ్ఞాపకం వచ్చింది. నిజం చెప్పాలంటే సీడీ దొరికిన దగ్గర్నుంచీ అది మనసులో మూలన కదులుతూనే ఉంది, నేనే పక్కకి నెట్టేస్తున్నాను.

2004 జనవరి అనుకుంటాను. శుక్రవారం. ముందురోజు రాత్రే ఇంటికి వచ్చాను. మా ఆవిడ అడిగింది, "ఏవండీ, ఇందులో పేరు తెలుగులో రావాలంటే ఎలా?" అని. తెలుగు అక్షరాలు పెడితే పెయింట్ షాప్ ప్రోలో ప్రశ్నార్థకాలు వస్తున్నాయట. ఒక తెలుగు పత్రిక ఫాంటు దింపుకుని, ఇంగ్లీషు మీటల్లో ఏది నొక్కితే ఏ ముక్క వస్తుందో ఒక నోటు పుస్తకంలో పట్టిక రాసుకుందిట. అన్నీ దొరికాయి గానీ మ వత్తు ఏ మీటలో ఉందో దొరకట్లేదంది.

నాకు జవాబు తెలుసు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అని తెలుగు ఫాంటు ఉంది. కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతీయ భాషల దగ్గర ఒక టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ ఒకసారి పెడితే తెలుగు వత్తులతో సహా వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో పెద్ద అక్షరాలతో పేరు రాసి, ప్రింట్ స్క్రీన్ కొట్టి, ఆ బొమ్మని పెయింట్ షాప్ ప్రోలో అతికిస్తే అయిపోయె. సీడీ వెతకడంతో కలిపి పావుగంట పని. నేనేమన్నానో కూడా నాకు గుర్తుంది. "తెలుగులో ఎవడు చూస్తాడు, ఇంగ్లీషులో పెట్టెయ్" అన్నాను. తర్వాత చూద్దాంలే అని కూడా అన్నాను.

బేస్‌మెంటులోకి చేరిన సామాన్లలో ఇదొకటి.

పుట్టినరోజు వరకూ ఆగలేకపోయాను. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతుంటే లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఒక నిమిషం మాట్లాడలేదు. నేను ఏదో కళ్ళనీళ్ళ సన్నివేశానికి సిద్ధపడుతున్నాను.

"ఇది తళుకు కాదండీ, పోయే ముందు ట్యూబ్‌లైటు కొట్టుకున్నట్టుంది. డిలే ఎంత పెట్టారు?" అంది.

"నలభై మిల్లీసెకన్లు."

"వంద పెట్టాలి. యానిమేషన్ షాప్‌లో పది అని ఉండేది, సెకనులో నూరోవంతు లెక్క. అంచుల చుట్టూ ఈ తెల్ల పొట్టు ఏమిటి?"

తెల్ల కాగితం మీద చేసి, దాన్ని పారదర్శకం చేశాను. జిఫ్‌లో సగం పారదర్శకం అనే మాట లేదు. చుక్క ఉంటే ఉంది, లేకపోతే లేదు. అక్షరం అంచు నున్నగా కనిపించడానికి కంప్యూటరు కలిపిన లేత రంగు చుక్కలన్నీ తెలుపుతో కలిసి అలాగే మిగిలిపోయాయి. ముదురు రంగు మీద పెడితే తెల్ల పొట్టులా కనిపిస్తాయి.

"ఏ గోడకి తగిలిస్తామో ముందే అనుకుని ఆ రంగు మీదే చెయ్యాలి," అంది. ఇరవయ్యేళ్ళు ముట్టుకోని పని! ఆవిడ ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. 2015 మే నెలలో హెచ్-4 వాళ్ళలో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన అమల్లోకి వచ్చాక దరఖాస్తు పెట్టి, కార్డు వచ్చాక చేరింది. వచ్చిన పన్నెండేళ్ళకి. ఆఫీసు తలుపు మీద ఆవిడ పేరు ఉంది, ప్లాస్టిక్ పలక మీద, మెరుపుల్లేకుండా.

కాఫీ గ్లాసు పక్కన పెట్టి, లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. గింప్ ఎప్పుడూ వాడలేదు, అయినా పావుగంటలో నాకంటే బాగా దారి తెలుసుకుంది. మ వత్తు సంగతి నేను చెప్పకముందే చూసింది. అక్షరాలన్నిటినీ ఎంచుకుని, ఆ ఎంపికని రెండు చుక్కల మేర పెంచి, కింద ఇంకో లేయరులో ముదురు మెరూన్ నింపింది. పట్టుచీరకి అంచు వేసినట్టు ప్రతి అక్షరం చుట్టూ సన్నటి గీత వచ్చింది. తర్వాత వత్తు ఒక్కదాన్నే ఎంచుకుని, అందులో నాయిస్ మాత్రం సగానికి తగ్గించింది. మిగతా అక్షరాలు ఎగిరినంత ఎగరదు, కానీ నిలబడి ఉంటుంది. వెనకాల ఆకుపచ్చ నింపింది.

"అదే ఆకుపచ్చా?" అన్నాను.

"ఏ ఆకుపచ్చ?" అంది. తెలిసే అడిగిందని నా అనుమానం.

ఎగుమతి చేసి తెరిచింది. ల, క్ష, మ వత్తు, గుడి. అన్నీ ఉన్నాయి. మూడు ఫ్రేములు, 38 కేబీ.

అప్పుడు అడిగాను. "అందరి పేర్లూ చేశావు, నీది ఒక్కటీ చెయ్యలేదేం? నేను కుదరదన్నాననా?"

"మీరన్నారని కాదు. నాకోసం అయితే ఇంగ్లీషులో చేసుకునేదాన్నేగా. అమ్మకి పంపుదామనుకున్నాను. అమ్మకి ఇంగ్లీషు రాదు కదా. తన పేరు చేసి పంపితే అన్నయ్య కొడుకు చదివి చెప్పాడంట. నాదీ అలా ఇంకొకళ్ళు చదివి చెప్పడం ఎందుకని ఊరుకున్నాను."

నేను దీనికి ఏమనాలో తెలియక గ్లాసులు తీసుకెళ్ళి కడిగాను.

ఆ సాయంత్రం, అంటే అక్కడ తెల్లారాక, వాట్సాప్‌లో మా అత్తగారికి పంపింది. వాట్సాప్ జిఫ్‌ని వీడియోగా మార్చేస్తుంది, పారదర్శకత పోతుంది, ఆకుపచ్చ నింపడం అందుకూ మంచిదైంది. మా అత్తగారికి 78 ఏళ్ళు. శుక్లాల ఆపరేషను అయింది. టైపు చెయ్యడం రాదు, మాట రికార్డు చేసి పంపుతుంది. పది నిమిషాల్లో వచ్చింది. మా ఆవిడ స్పీకరులో పెట్టింది.

ముందు ఏమీ వినపడలేదు, ఫ్యాను చప్పుడు, ఎక్కడో కుక్కరు కూత. తర్వాత ఆవిడ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ, రెండో తరగతి పిల్లలా. లక్ష్మి దగ్గరకొచ్చేసరికి కాస్త ఎక్కువసేపు ఆగి, క్ష్మి అని వత్తి పలికి, "మన అమ్మాయి పేరేరా!" అన్నారు పక్కన ఎవరితోనో. తర్వాత ఫోన్లోకి, "బాగుందే. పెళ్ళిలో ఆ కుర్రాడు తప్పు రాశాడు, గుర్తుందా? ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నారు.

అంటే ఆవిడ కూడా ఆ రోజు చూశారన్నమాట. నేనొక్కణ్ణే చూడలేదు.

మా అమ్మాయికి కూడా పంపాం. "అమ్మా, ఇది ఫుల్ రెట్రో! నాది కూడా చెయ్యవా?" అని వెంటనే జవాబు. మా అత్తగారి దగ్గర్నుంచి ఇంకో మాట వచ్చింది, అల్లుడుగారి పేరు కూడా ఒకటి చేసి పంపమ్మా అని.

మా ఆవిడ నావైపు చూసి, "ఆయనవి నాలుగున్నాయి, ఇంగ్లీషులో. తెలుగులో కావాలంటే ఆయన్నే చేసుకోమను. ఇప్పుడు వచ్చుగా," అని రికార్డు చేసి పంపేసింది.

చేస్తున్నాను. నా పేరులో వత్తులేమీ లేవు, సులువే అనుకున్నాను. నిన్న చూపిస్తే, డిలే ఇంకా తప్పే పెట్టారంది.